ఎండలో పెట్టని పక్క

మంగళవారం పొద్దున బ్లాగు సాఫ్ట్‌వేర్‌ను కొత్త వెర్షనుకు మార్చగానే గవ్వలకొండ బౌద్ధ విహారం వెబ్‌సైటు పోయింది. పోవడమంటే ఎక్కడికో పోలేదు. చిరునామా కొడితే తెరుచుకునేది. తెరుచుకుని, కొత్తగా సున్నం వేసిన గోడలా తెల్లగా నిలబడేది. అక్షరం లేదు, బొమ్మ లేదు, తప్పు ఫలానా చోట ఉందని చెప్పే ముక్క కూడా లేదు.

మార్చింది హైమవతి. మార్చే ముందు పాతదానికి నకలు తీసి పెట్టుకోవాలని ఆమెకు తెలుసు. పాలిటెక్నిక్‌లో పిల్లలకు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టిన సంగతి అది. ఆ పొద్దున మాత్రం తీయలేదు. పదిసార్లు బాగా జరిగిన పని పదకొండోసారి కూడా బాగానే జరుగుతుందనుకుంది.

విశాఖపట్నంలో ఉద్యోగం మానుకుని ఆమె ఆ కొండమీదికి వచ్చి చాలా కాలమైంది. ఎందుకు వచ్చావని అడిగినవాళ్ళతో, "వానాకాలం మూడు నెలలు ఉందామని వచ్చాను. వెళ్ళడం మరిచిపోయాను," అనేది. అంతకు మించి అడగనిచ్చేది కాదు.

విహారం పెద్దదేమీ కాదు. సముద్రం వైపు వాలిన రాతికొండ, దాని మీద ఏనాటివో ఇటుకల దిబ్బలు, కొన్ని జీడిమామిడి చెట్లు, ఒక రేకుల హాలు, వరసగా గదులు. అక్కడ భిక్షువుల్ని భంతే అంటారు. పెద్ద భంతే ఉపశాంత, ఇద్దరు చిన్న భంతేలు, వంట చూసే నరసాయమ్మ, హైమవతి, చీపురుపల్లిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన అప్పలస్వామి. అంతే.

రోజూ సాయంత్రం నాలుగింటికి పెద్ద భంతే రేకుల హాల్లో కూర్చుని కాసేపు మాట్లాడేవారు. ఆ మాటల్ని మాస్టారు రికార్డు చేసేవారు. ముందుగా తేదీ, వారం, తిథి చెప్పి, "భంతే గారి ప్రసంగం" అని కవాతు మైదానంలో పిలుపిచ్చినట్టు అరిచి, అప్పుడు రికార్డరును భంతే ముందుకు జరిపేవారు. ఆ అరుపుకు జీడిమామిడి చెట్ల మీద కాకులు లేచిపోయేవి. ఆ తర్వాత వినబడే భంతే గొంతు చాలా మెత్తగా ఉండేది. రెండూ కలిపి వినడం అలవాటైపోయిన జనం ఉన్నారు. రాజాంలో, పార్వతీపురంలో, ఎక్కడో దుబాయిలో.

మూడేళ్ళుగా మాస్టారు చేస్తున్న పని అది. రికార్డరులో చోటు చాలదు. అందుకని మాటలు సైటులోకి ఎక్కించగానే రికార్డరును ఖాళీ చేసేసేవారు. ఆ మూడేళ్ళ మాటలు సైటులో తప్ప ఇంకెక్కడా లేవు.

బుధవారం పొద్దున రాజాం నుంచి ఒకావిడ ఫోన్ చేసింది.

"ఏటమ్మా, భంతే గొంతు రావట్లేదు? మా ఆయనకి అది ఇంటేగాని నిద్ర పట్టదు."

"చూస్తున్నామండీ. రేపటికి వస్తుంది."

"నిన్న కూడా రేపే అన్నారు."

హైమవతి ఫోన్ పెట్టేసింది.

బ్లాగు సాఫ్ట్‌వేర్ అనేది ఖాళీ ఇల్లు లాంటిది. మనకు కావలసిన సామాను మనమే చేర్చుకోవాలి. ఆ సామానును ప్లగిన్లంటారు. ఫొటోలు చూపించడానికొకటి, తిథులు చూపించడానికొకటి, ఉత్తరాలు రాయడానికొకటి, మాస్టారి రికార్డింగులు దాచి వినిపించడానికొకటి. ఇల్లు కొత్తది చేసినప్పుడు పాత సామానులో ఏదో ఒకటి గుమ్మానికి అడ్డం పడుతుంది. అప్పుడు చెయ్యాల్సింది ఒకటే. సామానంతా బయటపెట్టాలి. ఇల్లు తెరుచుకుంటే, ఒక్కొక్కటే లోపలికి తెచ్చుకోవాలి. దేన్ని తెచ్చినప్పుడు తలుపు బిగుసుకుంటుందో అదే దొంగ.

హైమవతి అన్నిటినీ ఆపింది. పేజీ తెల్లగానే ఉంది.

అన్నిటినీ అంటే, ఒకదాన్ని తప్ప. ప్రతి పేజీకి పైన "ఈనాటి మాట" అని భంతే చెప్పిన వాక్యం ఒకటి కనిపిస్తుంది. రోజుకొకటి దానంతటదే మారుతుంది. ఆ ప్లగిన్ కొన్నది కాదు, ఎక్కడి నుంచో తెచ్చిందీ కాదు. హైమవతి స్వయంగా రాసింది. ఎవరూ పొరపాటున ఆపకుండా దాన్ని మిగతావాటి వరసలో పెట్టలేదు. విడిగా, లోపలి గదిలో పెట్టినట్టు, వేరే చోట పెట్టింది. ఇప్పుడు దాన్ని ఆపాలని ఆమెకు తోచలేదు. ప్రతి వరుసా తన చేత్తో రాసింది. అందులో ఏముందో ఆమెకు తెలుసు.

మరి తప్పెక్కడుంది?

పోయిన ఆదివారం ఆడియో ప్లగిన్‌లో మాస్టారు ఏదో నొక్కారని ఆమెకు గుర్తొచ్చింది. గుర్తొచ్చేసరికి, మాస్టారే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"అమ్మా, నేను నొక్కినదాని వల్లేనా?"

"ఏం నొక్కారు మాస్టారూ?"

"ఎర్రగా ఒకటి కనబడింది. నొక్కమంది. నొక్కాను."

"నొక్కమంటే నొక్కేస్తారా?"

"ఉద్యోగమంతా పిల్లల్ని నిలబడు, కూర్చో అన్నాను. చెప్పింది చెయ్యడం నాకూ అంటుకుపోయింది." ఆయన నవ్వబోయారు. హైమవతి నవ్వకపోయేసరికి ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

"మీరు నొక్కింది లోపల ఏదో కెలికినట్టుంది. ఆపినా దాని చెరుపు పోవడం లేదు," అంది.

ఆ మాటే మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరూ వింటుండగా మళ్ళీ అంది. చిన్న భంతే ఒకరు సైటు సంగతి అడిగారు. "ఆడియో ప్లగిన్‌దే తప్పు. మాస్టారు చూసుకోకుండా నొక్కారు," అని చెప్పి మజ్జిగ పోసుకుంది. అది ఆమె కోపంతో అన్నది కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాననే అనుకుంది.

అప్పటికే మాస్టారి మీద ఇంకొక నేరం ఉంది. పది రోజులుగా విహారంలో నల్లులు. రాత్రిళ్ళు ఎవరికీ నిద్ర లేదు. మాస్టారు మేనకోడలి పెళ్ళికి చీపురుపల్లి వెళ్ళి పాసింజరు బండిలో తిరిగొచ్చాకే అవి కనబడ్డాయని నరసాయమ్మ లెక్క తేల్చింది. "రైల్లో టిక్కెట్టు లేకుండా ఎక్కినాయి. మాస్టారి సంచీలో దిగినాయి," అని వంటింట్లో అనేది. వంటింటికీ మాస్టారి గదికీ మధ్య ఉన్నది ఒక్క గోడే.

ఆ సాయంత్రం నాలుగింటికి అందరూ హాల్లో చేరారు. మాస్టారు తన చోట కూర్చున్నారు. ముందు రికార్డరు లేదు.

భంతే ఆ ఖాళీ చోటు చూశారు. "రికార్డరేది మాస్టారూ?"

"గదిలో ఉంది భంతే."

"చార్జింగు లేదా?"

"ఉంది."

"మరి?"

"పాడుచేసే చేతికి మళ్ళీ పని చెప్పడమెందుకని."

భంతే ఎవరి వైపూ చూడలేదు. "అయితే ఇవాళ ఊరికే కూర్చుందాం," అన్నారు. కూర్చున్నారు. కింద సముద్రం మోత వినబడుతూ ఉంది. ఆ రోజు కాకులు లేవలేదు.

లేచేటప్పుడు మాస్టారు నరసాయమ్మతో, శుక్రవారం పొద్దున చీపురుపల్లి వెళ్తున్నాననీ, అక్క దగ్గర నాలుగు రోజులుండి వస్తాననీ చెప్పారు.

"నాలుగు రోజులకి పెట్టె సర్దుకుంటారేటి?" అంది నరసాయమ్మ. ఆయన చెప్పులు వేసుకుని మెట్లు దిగారు.

హైమవతి భంతే దగ్గరికి వెళ్ళింది. ఆయన హాలు మెట్ల మీద కూర్చుని చెప్పుల్లో ఇసుక దులుపుకుంటున్నారు.

"భంతే, ఆడియో ప్లగిన్‌ను పూర్తిగా తీసెయ్యాలి. మీరు సరేనంటే తీసేస్తాను. ఆదివారం చీవరదానం. మీకు బట్టలివ్వడానికి ఎప్పుడు రావాలో, ఎలా రావాలో జనం సైటులోనే చూసుకుంటారు."

"తీసేస్తే ఏం పోతుంది?"

"రికార్డింగులు పోతాయి. అది వాటిని తన సొంత మూటలో కట్టి దాచుకుంటుంది. తీసేస్తే మూట కూడా దాంతోనే పోతుంది. ముందే విప్పుకోవాలన్నా అదే నడవాలి. సైటు తెరుచుకోకపోతే దాన్ని నడిపించలేం."

"అన్నీ పోతాయా?"

"అన్నీ."

భంతే రెండో చెప్పు దులిపారు. "నా గొంతు పోతే పోయింది. మాస్టారి మూడేళ్ళు కూడా పోతాయి."

హైమవతి మెట్టు మీది ఇసుకను కాలితో పక్కకు నెట్టింది.

"తీసేస్తే సైటు వస్తుందా?"

"రావాలి భంతే."

"రావాలి," అన్నారాయన, ఆ మాట బరువు చూస్తున్నట్టు. తర్వాత లేచారు. "రేపు పక్కలు ఎండబెట్టే రోజు. అది కానీ. ఆ తర్వాత నీ ఇష్టం."

భంతేలు వానాకాలమంతా ఒకేచోట ఉండే వర్షావాసం ముగిసే ముందు పక్కలు ఎండబెట్టడం ఆ విహారంలో ఏటా ఉన్నదే. ఈసారి నల్లులు కూడా తోడయ్యాయి. అక్కడ నల్లుల్ని చంపరు. మందు కొట్టరు. హాలు వెనకాల నున్నటి రాతి పరుపు మీద పాత తెల్ల పంచెలు పరిచి, మూలలకు రాళ్ళు పెట్టి, ఒక్కో పంచె మీద ఒక్కో పక్క వేస్తారు. రాయి కాలుతుంది, పక్క వేడెక్కుతుంది, లోపల దాక్కున్నవి గుడ్డ మీదికి వస్తాయి. తెల్లగుడ్డ కాబట్టి కనబడతాయి. ఆ గుడ్డను కొండ అవతలి వాలు మీద దులిపి వస్తారు. ఎవరి పక్కలో ఉన్నాయో ఆ పక్కను ఇంకో రెండు రోజులు ఎండలోనే ఉంచుతారు.

దానికి రెండు నియమాలు. అందరికంటే పెద్దవారి పక్క మొదట బయటికి రావాలి. చివరి పక్క వచ్చేదాకా ఏ పక్కా లోపలికి పోకూడదు.

గురువారం పొద్దున భంతే తన నులకమంచం ఒక కొస తానే పట్టుకుని తెచ్చారు. రెండో కొస చిన్న భంతే పట్టుకున్నారు. తర్వాత చాపలు, బొంతలు, నరసాయమ్మ దుప్పట్లు వచ్చాయి. మాస్టారు తన బొంతను అందరికీ దూరంగా, రాతి చివరన వేయబోయారు.

"ఇటు, మాస్టారూ. నా దగ్గర చోటుంది," అన్నారు భంతే.

మాస్టారు బొంత తెచ్చి వేశారు. భంతే మంచానికీ ఆ బొంతకూ మధ్యలో ఒక పంచె పరిచి ఉంది. మూలల్లో నాలుగు రాళ్ళున్నాయి. దాని మీద ఏమీ లేదు.

హైమవతి తన గదిలో కంప్యూటరు ముందు ఉంది. ఆడియో ప్లగిన్ లోపలి భాగమంతా తెరిచి వెతుకుతోంది. నరసాయమ్మ వచ్చి కిటికీ ఊచ మీద గరిటెతో కొట్టింది.

"ఏటి హైమమ్మా, నీ పక్క తేలేదేటి?"

"నా పక్కలో ఏమీ లేవు నరసాయమ్మా."

"ఉన్నాయన్నానేటి? తెమ్మన్నాను."

"వారం వారం ఎండలో వేస్తాను. దిండు కింద కర్పూరం పెడతాను. ఒంటి మీద ఒక్క దద్దు కూడా లేదు, చూడు. ఇక్కడ పని తెమలడం లేదు, నన్ను వదిలెయ్."

"ఒకలిది లోపలుంటే అందరిదీ ఎండినట్టు కాదు గదా."

"ఉన్నవాళ్ళ సంగతి చూడండి ముందు."

నరసాయమ్మ వెళ్ళిపోయింది.

పొద్దెక్కింది. భంతేల భోజనాలయ్యాయి. తర్వాత మిగిలినవాళ్ళవీ అయ్యాయి. మధ్యాహ్నం కాస్త నడుం వాల్చడానికి ఎవరికీ పక్క లేదు. అందరూ వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడం ఆమెకు గదిలోకి వినబడుతూనే ఉంది.

సముద్రం మీద మబ్బు కట్టింది. నరసాయమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి గరిటె లేదు.

"అమ్మా, వాన వచ్చీలా ఉంది. పక్కలు లోపలికి తీసేద్దాం అంటే పెద్ద భంతే వద్దంటన్నారు. 'ఇంకొకటి రావాలి' అంటన్నారు. ఆ ఎండలోనే నిలబడినారు."

హైమవతి లేచి కిటికీలోంచి చూసింది. రాతి మీద, తన మంచం పక్కన, భంతే నిలబడి ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి. గుండు మీద ఎండ. ఆయన ఆమె కిటికీ వైపు చూడటం లేదు. సముద్రం వైపు చూస్తున్నారు, బస్సు కోసం ఎదురుచూసేవాడు రోడ్డు వైపు చూసినట్టు. అందులో కోపం లేదు. తొందర కూడా లేదు.

ఆమెకు విసుగొచ్చింది. పరుపు చుట్టి, భుజానికెత్తుకుని, గుమ్మానికి ఒకసారి కొట్టుకుని, బయటికి తెచ్చింది. తెచ్చి ఆ ఖాళీ పంచె మీద పడేసింది.

"కూర్చో. నీళ్ళు తాగు," అన్నారు భంతే.

మబ్బు ఉత్తరానికి జరిగిపోయింది. వాన రాలేదు. మధ్యాహ్నపు ఎండ రాతి మీద మళ్ళీ కాసింది. అందరూ వచ్చి చెట్ల కింద కూర్చున్నారు. మాస్టారు అందరికీ వెనకాల కూర్చున్నారు.

రాయి చేతికి చురుక్కుమనేంత కాలాక భంతే లేచారు. "చూద్దాం," అన్నారు.

మొదట ఆయన మంచమే ఎత్తారు. గుడ్డ మీద చింతగింజ రంగులో చుక్కలు. చుక్కలు నడుస్తున్నాయి. నులక సందుల్లోంచి ఇంకా దిగుతున్నాయి.

నరసాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నావే," అన్నారు భంతే. గంట కొట్టే వేళైంది అన్నంత మామూలుగా అన్నారు. తర్వాత, "మాస్టారూ, మీ బొంత ఎత్తండి," అన్నారు.

మాస్టారు వంగి బొంత ఎత్తారు. కింద గుడ్డ ఉతికి ఆరేసినట్టే ఉంది. ఆయన దాన్ని చాలాసేపు చూశారు. తర్వాత బొంత మడవడం మొదలుపెట్టారు, నాలుగు అంచులూ కలిసేలా, స్కూలు జెండా మడిచినట్టు.

ఇక హైమవతి వంతు. పరుపు పక్కకు దొర్లించింది. గుడ్డ మీద ఏమీ లేదు. కుట్ల దగ్గర వేలు పెట్టి చూసింది. అక్కడా లేదు.

పొద్దుటి నుంచి మోసిన బరువు దించినట్టయింది ఆమెకు. "చెప్పాను కదా భంతే. నా పక్కలో ఏమీ లేవని."

"పొద్దున నువ్వు చెప్పావు," అన్నారు భంతే. "ఇప్పుడు గుడ్డ చెప్పింది."

ఆయన తన గుడ్డ నాలుగు కొసలూ జాగ్రత్తగా కూడగట్టి, కొండ అవతలి వాలు వైపు నడిచారు. నల్లుల్ని దులపడానికి.

హైమవతి పరుపు చుట్టింది. ఎత్తుకుంది. వరండా దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

ఆమె ఆగడం నరసాయమ్మ చూసింది. "ఏటయ్యింది?" అంది. హైమవతికి వినబడలేదు. పరుపు అక్కడే వరండాలో దించేసి గదిలోకి వెళ్ళింది.

లోపలి గదిలో దాచినట్టు దాచిన తన ప్లగిన్‌ను వెతికి పట్టుకుంది. ఎవరూ ఆపకూడదని అక్కడ పెట్టింది కాబట్టి, దాన్ని ఆపడానికి మామూలు మీట లేదు. ఆ ఫైలును అక్కడి నుంచి బయటికి జరపాలి. జరిపింది. పేజీని మళ్ళీ పిలిచింది.

పేజీ వచ్చింది. పైన విహారం పేరు, కింద ఆదివారం చీవరదానానికి పిలుపు, పక్కన వ్యాసాల వరస. "ఈనాటి మాట" ఉండే చోట మాత్రం ఖాళీ.

తర్వాత ఫైలు తెరిచి చూసింది. వెతకాల్సిన పని కూడా లేకపోయింది. తన ప్లగిన్‌లో ఒక పనికి ఆమె అప్పుడెప్పుడో ఒక పేరు పెట్టింది. కొత్త వెర్షను చేసినవాళ్ళు కూడా తమ పని ఒకదానికి అదే పేరు పెట్టారు. ఒకే పేరుతో ఇద్దరు కనబడేసరికి సాఫ్ట్‌వేర్ ఎవరిని పిలవాలో తెలియక నిలబడిపోయింది. ఆడియో ప్లగిన్‌కు ఈ గొడవతో ఏ సంబంధమూ లేదు.

ఒక్క అడుగులో తప్పింది. నిన్న సాయంత్రం భంతే సరేనని ఉంటే, ఈపాటికి మూడేళ్ళ మాటలు పోయి ఉండేవి. పోయాక కూడా పేజీ తెల్లగానే ఉండేది. అప్పుడు ఆమె ఇంకెవరినో వెతికేది.

మిగతా ప్లగిన్లన్నిటినీ ఒక్కొక్కటే పెట్టుకుంటూ వచ్చింది. ప్రతిసారీ పేజీ చూసింది. ఆడియోది చివర పెట్టింది. అది పని చేస్తోందో లేదో చూడాలి కదా. వరసలో కనబడిన ఒక రికార్డింగు మీద నొక్కింది. చప్పుడు తగ్గించడం మరిచిపోయింది.

తేదీ, వారం, తిథి, "భంతే గారి ప్రసంగం" అంటూ మాస్టారి గొంతు గదంతా అదిరేలా మోగింది. బయట చెట్ల మీద కాకులు లేచాయి.

వరండాలో అడుగుల చప్పుడు. మాస్టారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. చేతిలో సగం మడిచిన పంచె ఉంది. పెట్టెలో సర్దుతున్నది కాబోలు.

"వచ్చిందా అమ్మా?"

"వచ్చింది మాస్టారూ. మీది కాదు. నాది."

"ఏది?"

"తప్పు. నేను రాసినదాంట్లో ఉంది. మొదటి నుంచీ అక్కడే ఉంది. నేను అక్కడ చూడలేదు."

కంప్యూటరులో భంతే గొంతు మెత్తగా మాట్లాడుతూ పోతోంది. ఇద్దరూ దాన్ని ఆపలేదు. మాస్టారు చేతిలో పంచె వైపు చూసుకుని, మిగతా సగం కూడా మడిచారు.

"నేను నొక్కిన ఎర్రది ఏమిటి మరి?"

"ఏమీ లేదు. మామూలుగా నొక్కాల్సిందే. సరిగ్గానే నొక్కారు."

"ఓహో." ఆయన పంచె చంకలో పెట్టుకున్నారు. "నిన్న భోజనాల దగ్గర అన్నారమ్మా మీరు. అందరిలో."

"అన్నాను."

ఆయన తన గది వైపు వెళ్ళిపోయారు. పెట్టె మూసిన చప్పుడు వినబడింది. సర్ది మూశారో, తీసేసి మూశారో ఆమెకు తెలియలేదు.

నాలుగింటికి అందరూ హాల్లో చేరారు. మాస్టారు అందరికంటే వెనక వచ్చారు. చేతిలో రికార్డరు ఉంది. కానీ దాన్ని ముందు పెట్టలేదు, ఒళ్ళో పెట్టుకున్నారు.

భంతే కూర్చున్నారు. హైమవతి లేచి నిలబడింది. ఆ హాల్లో ప్రసంగానికి ముందు ఎవరూ లేచి మాట్లాడరు. చిన్న భంతేలిద్దరూ తలెత్తి చూశారు.

"సైటు వచ్చింది," అంది. "పోయింది నా ప్లగిన్ వల్ల. మాస్టారి వల్ల పోయిందని నిన్న మీ అందరిలో చెప్పాను. చూసి చెప్పలేదు, అనుకుని చెప్పాను. మాస్టారూ, నన్ను క్షమించండి."

అని కూర్చుంది.

నరసాయమ్మ గొంతు సవరించుకుంది. "రైలు సంగతి కూడా నాను అనుకునే అన్నాను మాస్టారూ," అంది, నేల చూస్తూ. ఎవరో నవ్వు ఆపుకున్నారు.

మాస్టారు అటూ ఇటూ చూశారు. రికార్డరును ఒళ్ళోంచి తీసి, తుడిచి, ముందు పెట్టారు.

భంతే హైమవతి వైపు చూడలేదు. బాగుందనలేదు, బాగులేదనలేదు. "మాస్టారూ, తేదీ చెప్పండి," అన్నారు.

మాస్టారు తేదీ చెప్పారు. కాకులు లేచాయి.

ఆ రాత్రి భంతే నేల మీద చాప వేసుకుని పడుకున్నారు. ఆయన మంచం ఇంకో రెండు రోజులు ఎండలోనే ఉంది. శుక్రవారం పొద్దున చీపురుపల్లి బస్సు వచ్చింది, వెళ్ళింది. మాస్టారు దాన్ని మెట్ల మీది నుంచి చూశారు.

హైమవతి తన ప్లగిన్‌లో పేరు మార్చింది. దాన్ని మళ్ళీ లోపలి చోట పెట్టలేదు. మిగతావాటి వరసలో, మొట్టమొదట పెట్టింది. ఆపాలంటే ఏది నొక్కాలో మాస్టారికీ చిన్న భంతేలకూ చూపించింది.

ఆ తర్వాత సైటుకు చాలా జబ్బులు చేశాయి. కొత్త వెర్షన్లు వచ్చాయి, పేజీలు తిరగబడ్డాయి, ఫొటోలు మాయమయ్యాయి. ప్రతిసారీ, తప్పు ఎక్కడుందో కళ్ళెదుట కనబడుతున్నప్పుడు కూడా, హైమవతి మొదట ఆపేది తన ప్లగిన్‌నే. ఆపి, పేజీ చూసి, అప్పుడు రెండోదాని దగ్గరికి వెళ్ళేది. అందులో మళ్ళీ ఎన్నడూ తప్పు దొరకలేదు. అయినా మొదట ఆపేది దాన్నే.